అత్తగారికి పెట్టని పరీక్ష

శనివారం మధ్యాహ్నం, అన్నాలు తిని ఊరంతా ఓ కునుకు తీసే వేళ, పాలకొల్లులో ఇత్తడి సామాన్ల కొట్టు మహేంద్రగారి భార్య ఇంద్రజ లాప్‌టాప్ ముందు కూచుని కొయ్యబారిపోయింది. అరవలేదు, ఎవర్నీ పిలవలేదు. "అయ్యబాబోయ్" అని మాత్రం అంది, అదీ తనకే వినపడీ వినపడనట్టు.

ఇంతకీ ఆ తెరమీద దెయ్యమేం లేదండి. ఎనమండుగురు పెద్దవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని వరసగా కూచుని, ఒళ్ళో పుస్తకాలు తెరుచుకుని శుక్రవారం పారాయణం చేస్తున్నారు. మధ్యలో ఉన్నావిడ ఇంద్రజ అత్తగారు, సూర్యకళమ్మగారు. ఆ వీడియో తీసింది ఇంద్రజే. రాజమండ్రిలో ప్రొఫెసర్లందరి ముందూ గొప్పగా వేసి చూపించింది కూడాను. ఇవాళ తన పీహెచ్‌డీ థీసిస్‌లో పెట్టడానికి ఓ మంచి ఫొటో కావాలని వీడియోని ఒకచోట ఆపి, పెద్దది చేసి చూసింది. అదీ ఆవిడ చేసిన పాపం.

అత్తగారి ఒళ్ళో పుస్తకంలో ఎడంపక్క పేజీ నిండా అమ్మవారి రంగుల బొమ్మ. ఆ బొమ్మ పుస్తకం చివర, మంగళహారతికి ముందొస్తుంది. వీడియోలో అందరూ చదువుతున్నదేమో ఇంకా మొదటి గణపతి శ్లోకం. ఏదో గాలికి పేజీ తిరిగిపోయిందేమోలే అనుకుని పక్కావిడ పుస్తకం పెద్దది చేసింది. అక్కడ వరసగా అంకెలు. ఆవిడ గణపతి శ్లోకం చదువుతున్నది విషయసూచికలోంచి! ఆ పక్కన చిన్నమ్మాయిగారు. డెబ్బై దాటినా ఆవిడ పేరు చిన్నమ్మాయే లెండి. ఆవిడ మరీ ఘోరం. పుస్తకం అచ్చుకి సాయం చేసిన కొట్ల ప్రకటనల పేజీ తెరుచుకుని, కళ్ళు అరమోడ్చి, అక్షరం పొల్లుపోకుండా గడగడా చదివేస్తోంది. పుస్తకాలు వేరువేరు అచ్చులని సరిపెట్టుకోడానికీ లేదు. అన్నీ గుడి కమిటీవాళ్ళు ఒకేసారి తెచ్చి పంచినవే.

ఇంద్రజ చప్పున లాప్‌టాప్ మూసేసింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే బొమ్మ.

దీనికి ఇంత కంగారేంటని మీకనిపించొచ్చు. ఇంద్రజ ఎవరో, ఏం చదువుతోందో చెప్తే తెలుస్తుంది.

ఇంద్రజది నరసాపురం. నాన్నకి సందులో చిన్న కిరాణా కొట్టు. వాళ్ళమ్మ పొద్దస్తమానం అరుగు మీద కూచుని లేసు అల్లేది. ఆ తల్లికి అక్షరమ్ముక్క రాదు. బస్సు బోర్డు, మందు సీసా, కరెంటు బిల్లు, అన్నిటికీ కూతురి చెయ్యి పట్టుకునేది. "ఏం రాశాడే అమ్మలూ?" అని వాళ్ళమ్మ అడగని రోజు లేదు. ఇంద్రజ టీచరైంది. పాలకొల్లు దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో పోస్టింగు, మహేంద్రతో పెళ్ళి, ఇద్దరు పిల్లలు. వాళ్ళమ్మ పోయాక మాత్రం ఓ దిగులు పట్టుకుంది. ఊళ్ళో పిల్లలందరికీ చదువు చెప్పాను, మా అమ్మకి చెప్పలేకపోయానే అని. ఆ దిగులే చివరికి పీహెచ్‌డీ అయింది. పెద్దయ్యాక చదువు నేర్చుకునే ఆడవాళ్ళు చదవడంలో ఎక్కడెక్కడ తడబడతారు, ఎలా గట్టెక్కుతారు, ఇదీ ఆవిడ టాపిక్కు. ఉద్యోగం చేసుకుంటూనే రాజమండ్రి యూనివర్సిటీలో చేరింది.

చేరతానన్నప్పుడు మహేంద్ర నసిగాడు. "కొట్టూ, పిల్లలూ, నీ స్కూలూ... ఇప్పుడు డాక్టరేటు దేనికే?" అన్నాడు. అప్పుడు లోపల్నించి సూర్యకళమ్మగారు వచ్చి, "దేనికేంట్రా? చదువుతానన్న మనిషిని చదవనివ్వాలి గానీ దేనికని అడుగుతారా? వంట సంగతి నేను చూసుకుంటాను" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాట మీదే ఇంద్రజ ఇన్నేళ్ళూ నరసాపురం, రాజమండ్రి తిరిగింది. కోడలు బస్సు దిగి ఇంటికొచ్చేసరికి వేడన్నం, చారు, వడియాలు సిద్ధంగా ఉండేవి. అత్తాకోడళ్ళంటే వీళ్ళలా ఉండాలని వీధిలో చెప్పుకునేవారు. సూర్యకళమ్మగారైతే కూరగాయలబ్బాయితో కూడా "మా కోడలు డాక్టరు అవుతోందయ్యా, సూది మందు డాక్టరు కాదు, చదువు డాక్టరు" అనేవారు.

నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళకి సాయంత్రం బడి పెట్టి, వాళ్ళ చదువు కొలుస్తూ వచ్చింది ఇంద్రజ. అప్పుడు గైడ్ ఉదయ్‌భాస్కర్‌గారు, "బాగుందమ్మా. కానీ ఎంత నేర్చుకున్నారో తెలియాలంటే, ఆ వయసులోనే బాగా చదవడం అలవాటున్న ఆడవాళ్ళ గుంపు ఇంకోటి కావాలి, పక్కన పెట్టి చూడ్డానికి" అన్నారు. ఇంద్రజ ఎగిరి గంతేసింది. ఎక్కడో వెతకడం దేనికి, ఇంట్లోనే ఉంటేను! ప్రతి శుక్రవారం పుస్తకం విప్పి చదివే అత్తగారి పారాయణం జట్టు.

ఇక్కడండీ ఆవిడ కాలు జారింది. లేసు అల్లే వాళ్ళకి ఎన్నడూ చూడని కాగితాలిచ్చి, ఫోన్లో టైము పెట్టి మరీ చదివించింది. అత్తగారి జట్టు దగ్గరికొచ్చేసరికి మర్యాద అడ్డొచ్చింది. కోడలు అత్తగారికి పరీక్ష పెట్టడమా! హవ్వ! పైగా వాళ్ళంతా పెద్దింటి ఇల్లాళ్ళు. ఏడాదికోసారి ఇంద్రజ వంగి దణ్ణం పెట్టి అక్షింతలేయించుకునేవాళ్ళు. దీవించమన్న నోటితో "ఇదిగో, ఇది చదవండి, తప్పులు లెక్కపెడతాను" అని ఎలా అంటుంది? "మీకు నచ్చిన పేజీ తీసి, నాలుగు ముక్కలు చదవండి చాలండి" అంది. పూజలో ఉన్న పుస్తకం ముట్టుకోకూడదని దూరంగా స్టాండు పెట్టి, ఒక్కొక్కరినీ విడిగానూ, అందరినీ కలిపీ వీడియో తీసుకుంది. ఒక్కావిడ తప్ప అందరూ ధారగా చదివేశారు. ఈవిడ ఫుల్ మార్కులు వేసేసింది. రాజమండ్రి సెమినార్లో "అలవాటైన చదువంటే ఇలా ఉంటుందండి" అని చూపిస్తే చప్పట్లు కొట్టారు. ఆ జట్టు మీదే సగం థీసిస్ కట్టింది.

ఇప్పుడు ఆ సగం ఏమైనట్టు? థీసిస్ ఇవ్వడానికి మిగిలిన ఈ ఆఖరు నెలలో కొత్తగా ఎవర్ని వెతుకుతుంది? గడువు మీద గడువు అడిగి తెచ్చుకున్న ఆఖరి గడువది. అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇన్నేళ్ళ తిరుగుడూ గోదాట్లో కలిసినట్టే.

మర్నాడు పొద్దున్న ఇంద్రజ ఒక దిబ్బరొట్టె పొయ్యి మీద వేసి, రెండోదానికి పిండి కలుపుతోంది. సూర్యకళమ్మగారు రోజూలాగే కళ్ళజోడు పెట్టుకుని పేపరు పట్టుకుని వాలుకుర్చీలో కూచున్నారు. ఇంద్రజ అడక్కపోతే ఉండలేదు, అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయం.

"అత్తయ్యగారండీ, నా చేతులు పిండిలో ఉన్నాయి. ఆ మొదటి పేజీలో టీచర్ల బదిలీల గురించి ఏదో వేశాడంట. కాస్త చదివి పెట్టరూ?"

పేపరు చప్పుడాగిపోయింది.

"కళ్ళజోడు ఎక్కడో పెట్టానే" అన్నారు సూర్యకళమ్మగారు.

కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. ఇంద్రజ పిండి చేతులతో అలాగే గుమ్మంలో నిలబడిపోయింది. సూర్యకళమ్మగారు పేపరు మడతపెట్టారు, మళ్ళీ మడతపెట్టారు, ఇంక మడతపెట్టడానికేం మిగలనంత చిన్నది చేశారు.

"ఎలా తెలిసిందే?" అన్నారు చివరికి.

ఇంద్రజ వీడియో సంగతి చెప్పింది. బొమ్మ సంగతి చెప్పింది. సూర్యకళమ్మగారు ఆ మడతల పేపరు పక్కన పెట్టారు.

"రామచంద్రపురంలో మా నాయనమ్మ నోటికి చెప్పేది, నేను నేర్చుకున్నాను. అంతా నోటికొచ్చు. బళ్ళోకి పంపలేదు నన్ను, తమ్ముణ్ణి ఎత్తుకోవాలని. పెళ్ళికి మీ మావయ్యగారితో అయిదో క్లాసని చెప్పారు మా వాళ్ళు. సంతకం ఒక్కటీ దిద్దించి పంపారు. ఈ వీధిలో పారాయణం మొదలెట్టిన రోజున, పెద్ద కొట్టు వాళ్ళ కోడలని ముందు నా చేతిలోనే పెట్టారే పుస్తకం. అందరూ చూస్తున్నారు. రాదని ఎలా చెప్పను? తెరిచాను. ఆ తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది."

"మరి మావయ్యగారికి..."

"తెలీకుండానే పోయారు మహానుభావుడు. మహేంద్రకీ తెలీదు." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచారు. "మిగతా ఏడుగురికీ చక్కగా వచ్చే. వాళ్ళ మధ్య నేనొక్కదాన్నే దొంగలా కూచుంటాను. ఇన్నాళ్ళకి నీకు దొరికాను. ఎవరికీ చెప్పకే తల్లీ."

ఇంద్రజ మనసు 'ఏడుగురికీ' అన్న మాట దగ్గరే ఆగింది. మిగతా వాళ్ళకి చక్కగా వచ్చా! విషయసూచికలోంచి గణపతి శ్లోకం చదివినావిడకి చక్కగా వచ్చా! అంటే ఈ జట్టులో ఒక్కొక్కరూ తానొక్కదాన్నే దొంగననుకుంటూ ఇన్నేళ్ళు భుజం భుజం రాసుకుని కూచున్నారన్నమాట. తన ఇంట్లో, తన కంచం పక్కన, రోజూ తనతో మాట్లాడే మనిషికి చదవడం రాదని, చదవడం మీదే పరిశోధన చేస్తున్న తనకి ఇన్నేళ్ళూ తెలీలేదు. అమ్మ కోసం ఊళ్ళు పట్టుకు తిరిగింది, అత్తగారి వైపు ఒక్కసారి తిరిగి చూడలేదు. పొయ్యి మీద రొట్టె మాడిపోయింది.

సోమవారం స్కూలుకి సెలవు పెట్టి రాజమండ్రి బస్సెక్కింది. దారి పొడుగునా గైడుగారి తిట్లు ముందే ఊహించుకుంది. ఆయన గదిలో కూచుని, ఎవరి పేరూ ఎత్తకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. తన గుంపులో చాలామందికి చదవడం రాదనీ, తాను మార్కులేసింది కంఠస్థానికనీ, తప్పంతా తనదేననీ అంది. తల దించుకుని తిట్ల కోసం కూచుంది.

ఉదయ్‌భాస్కర్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అమ్మా ఇంద్రజా! నీకు అర్థమవుతోందా నీకేం దొరికిందో? ఇది తప్పేంటి, ఇదే అసలు థీసిస్! పుస్తకం చేత్తో పట్టుకుని నలభై ఏళ్ళు చదువొచ్చినట్టు బతికిన ఆడవాళ్ళు! పల్లెల్లో కాదు, పట్నంలో, డబ్బున్న ఇళ్ళల్లో! ఎవరైనా రాశారా ఇంతవరకూ?" ఆయన మొహం వెలిగిపోతోంది. "ఆ ఛాప్టర్ తిరగరాసెయ్. గడువులోగా ఇచ్చెయ్యొచ్చు. ఒక్కటే పని. విషయం మారింది కాబట్టి వాళ్ళ దగ్గర అంగీకార పత్రాలు కొత్తగా తీసుకోవాలి. ఎలాగూ ఇంట్లోవాళ్ళేగా, ఎంతసేపు?"

ఆయన సంబరంలో అత్తగారి మడతపెట్టిన పేపరు ఎక్కడా లేదు. ఇంద్రజ తలూపి బయటికొచ్చింది. కారిడార్లో నడుస్తుంటే అంగీకార పత్రాలన్న మాట మెల్లగా బుర్రకెక్కింది. ఎక్కగానే అక్కడే గోడ పట్టుకుని ఆగిపోయింది. పాత పత్రాల మీద ఎనిమిది సంతకాలూ ముత్యాల్లా ఉన్నాయి. ఏం రాసుందో చదవలేని కాగితాల మీద సంతకాలు! తానే వరసగా పంచి, "ఇక్కడ పెట్టండి అత్తయ్యగారూ" అని వేలు పెట్టి చూపించింది. వాళ్ళమ్మ చేత బ్యాంకులో ఎవరో అలాగే వేలు పెట్టి చూపించి వేలిముద్ర వేయించుకుంటుంటే చిన్నప్పుడు ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు తాను చేసిందేంటి?

"ఛీ" అంది పైకే. పక్కన పోతున్న కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఇంటికొచ్చి అత్తగారి దగ్గర ఏదీ దాచలేదు. ఈ కాగితాలు ఉంటే థీసిస్ నెలాఖరుకి ఇచ్చెయ్యొచ్చు, లేకపోతే డాక్టరేటు పోతుంది, పేర్లు మాత్రం ఎక్కడా రావు అని చెప్పింది. "పేర్లు రాకపోయినా పాలకొల్లులో ఎవరికైనా తెలిసిపోతుందండి, మీకు ముందే చెప్తున్నాను" అని కూడా అంది.

సూర్యకళమ్మగారు చేతిగాజులు సవరించుకున్నారు. "మిగతావాళ్ళ మాటేంటి?" అని అడిగారు.

ఇంద్రజ జవాబు చెప్పలేదు. చెప్పకపోయేసరికి ఆవిడకి అర్థమైపోయింది. "ఏంటే? ఎవరికి?" అన్నారు. "చిన్నమ్మాయి వదినకా? ... ఓరి నాయనో!" ఆవిడ నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నారు. "ఆవిణ్ణి చూసే కదే నేను పేజీలు తిప్పేది!"

రాత్రి భోజనాలయ్యాక, "శుక్రవారం మనింట్లోనేగా. ఆ కాగితాలు పట్రా" అన్నారు.

శుక్రవారం సాయంత్రం అందరూ వచ్చారు. పసుపు కుంకాలు, పూలు, వడపప్పు అన్నీ అమిరాయి. ఇంద్రజ గోడవార నిలబడింది, చేతిలో కాగితాల కట్టతో. సూర్యకళమ్మగారు పుస్తకం కళ్ళకద్దుకున్నారు. కానీ తెరవలేదు. మూసినది మూసినట్టే చాప మీద పెట్టేశారు.

"మీకో మాట చెప్పాలమ్మా. నాకు చదవడం రాదు."

"చాల్లేవమ్మా ఎకసెక్కాలు!" అని చిన్నమ్మాయిగారు పకపకా నవ్వారు. ఎవరూ కలవకపోయేసరికి ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"ఎకసెక్కం కాదు వదినా. ఒట్టు. ఒక్క అక్షరం రాదు. ఇన్నేళ్ళూ నోటికి చెప్పాను. పేజీ మటుకు నిన్ను చూసి తిప్పేదాన్ని."

చిన్నమ్మాయిగారు నోరు వెళ్ళబెట్టి చూస్తున్నారు. చూసి చూసి, "నన్ను చూసా? నా మొహం! నేను నిన్ను చూసి తిప్పేదాన్ని కదే!" అన్నారు.

అంతేనండి, గదంతా ఒక్కసారి గొల్లుమంది. నవ్వో, ఏడుపో చెప్పడం కష్టం. ఒకావిడ పుస్తకం టప్పున మూసి "అమ్మయ్య" అంది. ఇంకొకావిడ కొంగు మొహానికి కప్పుకుంది. ఇంకొకావిడ "నేనొక్కదాన్నేననుకుని చచ్చిపోయానే ఇన్నాళ్ళూ" అని పక్కావిడ భుజం మీద వాలిపోయింది. పక్కావిడేమో "నువ్వు కూడానా, నువ్వు కూడానా" అని అదే మాట తిప్పి తిప్పి అంటోంది. ఇంద్రజ గోడకి జారబడి కూచుండిపోయింది. చాలామందికి రాదనుకుంది గానీ, ఏకంగా ఏడుగురికా!

ఏడుగురే. ఎనిమిదో మనిషి మూలన కూచున్న రమాదేవిగారు. కిరాణా హోల్‌సేల్ వాళ్ళావిడ, అందరికంటే చిన్నది, మాటకి ముందు సిగ్గుపడే మనిషి. ఆవిడొక్కతీ పుస్తకం మూయలేదు.

"నీకేమైందే రమా? నువ్వూ మూసెయ్, పర్లేదు" అన్నారు సూర్యకళమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ.

"నాకు... నాకు వచ్చండి" అంది రమాదేవి.

ఏడుగురూ తలలు తిప్పి చూశారు.

"వచ్చా? మరి ఎప్పుడూ నోరెత్తి చదవవేం?"

"మీతో అందుకోలేకండి. నేను కూడబలుక్కుని ఒక లైను దాటేసరికి మీరు రెండు పేజీలు దాటిపోయేవారు. మీరంత గడగడా చదువుతుంటే, నాదీ ఒక చదువేనా అని సిగ్గేసేది. పెదాలాడించి ఊరుకునేదాన్ని. మీ అందరికీ వచ్చు, నాకే సరిగ్గా రాదనుకున్నానండి."

ఇంద్రజకి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. రమాదేవిగారి వీడియో ఆవిడకి బాగా గుర్తుంది. అక్షరం కింద వేలు పెట్టుకుని, ఆగి, వెనక్కెళ్ళి, మళ్ళీ చదివిన చదువు. అలా తడబడటమే చదవడమని తన థీసిస్ మొదటి ఛాప్టర్లో తానే రాసింది. ఆ రాసిన చేత్తోనే రమాదేవిగారికి అందరికంటే తక్కువ మార్కులేసింది. వేసి ఊరుకోలేదు, "ఈవిడ సరిగా చదవలేరు" అని మొత్తం లెక్కలోంచే తీసేసింది. చదవడం వచ్చిన ఒకే ఒక్క మనిషిని, చదవడం రాదని!

"క్షమించండి పిన్నిగారూ" అంది. ఎందుకో రమాదేవిగారికి అర్థం కాలేదు. "అయ్యో, దేనికమ్మా?" అంది పాపం.

సూర్యకళమ్మగారు చెయ్యి చాపారు. "ఏవే ఆ కాగితాలు? ఇలా పట్రా. నువ్వు చదవకు. రమ చదువుతుంది."

రమాదేవి భయపడింది. వద్దండి, ఆలస్యమవుతుందండి అంది. "అవనీ. ఇవాళ అందరం నీకోసం ఆగుతాం" అన్నారు చిన్నమ్మాయిగారు. రమాదేవి వేలు పెట్టి మొదలెట్టింది. ప-రి-శో-ధ-న. ఒక్కో మాట ఒడ్డుకి లాగినట్టు లాగుతోంది. ఎవరూ కదల్లేదు. కాఫీలు చల్లారిపోయాయి. వీధిలో లైట్లు వెలిగాయి. ఎప్పుడూ ధారగా సాగే గదిలో ఆ తడబాటు గొంతొక్కటే వినపడుతోంది. సగం కాగితం అయ్యాక ఆవిడ ఇలా చదివింది.

"ఇందులో... పాల్గొనడం... పూర్తిగా మీ ఇష్టం. వద్దనుకుంటే... ఏ కారణమూ... చెప్పకుండా... తప్పుకోవచ్చు. అందువల్ల మీకు... ఏ నష్టమూ ఉండదు."

"ఆగు" అన్నారు సూర్యకళమ్మగారు. "మళ్ళీ చదువు ఆ ముక్క."

రమాదేవి మళ్ళీ చదివింది.

"ఇంద్రజా, ఈ ముక్క కిందటిసారి కాగితంలో కూడా ఉందా?"

"ఉందండి."

"మరి నాకు చెప్పలేదేం? కాదనొచ్చని తెలిస్తే ఆ రోజే లేచిపోయేదాన్ని కదే. నీ ఫోను ముందు కూచున్నంతసేపూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచున్నాను."

"చదువుకుని ఉంటారనుకున్నానండి" అంది ఇంద్రజ. అని తల దించుకుంది.

సూర్యకళమ్మగారు ఆ కాగితం తీసుకుని కాసేపు దానివైపే చూశారు, ఆ ముక్క ఎక్కడుందో కనిపెట్టాలన్నట్టు. తర్వాత మడవకుండా, సంతకం పెట్టకుండా, కోడలి చేతిలో పెట్టేశారు.

"నేను కాదంటున్నానే."

ఇంద్రజ విన్నది నిజమో కాదో తెలీక చూసింది. "అత్తయ్యగారూ! ఇప్పుడే కదండీ అందరి ముందూ మీరే చెప్పేశారు! ఇంక దాచడానికేముంది? నా చదువు సంగతి తెలిసి కూడా..."

"తెలుసు. వీళ్ళకి చెప్పడం నా ఇష్టమయ్యి చెప్పాను. నీ పుస్తకంలో చదువు రాని దానిగా ఉండిపోవడం నాకిష్టం లేదు." ఆవిడ గొంతు పెంచలేదు. "చదువు రాదని బయటపడుతుందేమోనని, పుట్టింట్లో, అత్తింట్లో, కొట్లో, బ్యాంకులో, ఎవరేం కాగితం పెట్టినా ఊఁ అన్నాను. కాదంటే ఎందుకంటారు, చదివి చెప్పమంటారని భయం. జన్మకల్లా ఇవాళే విన్నాను, కారణం చెప్పకుండా కాదనొచ్చని. అనేస్తాను. ఒక్కసారైనా అనేస్తాను."

ఒకరి తర్వాత ఒకరు కాగితాలు తిరిగిచ్చేశారు. చిన్నమ్మాయిగారైతే "నేనూ కాదంటున్నా, కారణం చెప్పను" అని కొత్త నగ పెట్టుకున్నంత మురిసిపోయారు. రమాదేవిగారొక్కరే సంతకం పెట్టారు. ఒక్క సంతకంతో ఏ థీసిసూ లేవదు. ఇంద్రజకి కోపం తన్నుకొచ్చింది. వచ్చిందంటే వచ్చిందండి, దాచడం దేనికి? పెరట్లోకెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. ఏడుస్తూనే, పాత కాగితాల మీద ముత్యాల్లాంటి సంతకాలు గుర్తొచ్చి ఇంకా ఏడ్చింది.

మర్నాడు ఉదయ్‌భాస్కర్‌గారికి ఫోన్ చేసింది. "ఒప్పుకోలేదండి" అంది.

"అదేంటమ్మా? మీ అత్తగారి జట్టేగా? కాస్త నచ్చజెప్పు. ఇన్నేళ్ళ కష్టం!"

"పాతవి నచ్చజెప్పి తీసుకున్న సంతకాలేనండి. ఈసారి వాళ్ళు కాగితం మొత్తం చదివించుకుని కాదన్నారు."

"ఊఁ" అని ఫోన్ పెట్టేశారాయన.

నెలాఖరైంది. యూనివర్సిటీ నించి మెయిల్ వచ్చింది. రిజిస్ట్రేషన్ రద్దు. ఇంద్రజ వంటింట్లోకొచ్చి చెప్పింది. సూర్యకళమ్మగారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"పోయిందా? అంతా? నావల్లేనా?"

అబద్ధం చెప్పాలనిపించింది ఇంద్రజకి. చెప్పలేదు. "ఆయ్" అంది.

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకున్నారు, మళ్ళీ తిరిగాయి. "మళ్ళీ మొదట్నించీ చేరొచ్చా?"

"పరీక్ష రాసి చేరొచ్చండి."

"చేరు. నీ వంటా, పిల్లలూ నేను చూస్తాను, ఇదివరకు లాగే." గరిటె పొయ్యి గట్టు మీద పెట్టి, కోడలి మొహంలోకి సూటిగా చూశారు. "కానీ ఆ కాగితం మళ్ళీ తెచ్చినా నేను కాదనే అంటానే."

"తెలుసండి" అంది ఇంద్రజ. "తెస్తే ముందు చదివించి వినిపిస్తాను. మీరు కాదనండి."